పటం వెనకాల మట్టిగూడు: తీసెయ్యాలా, ఉంచాలా?

కొర్లగుంట_వాణి
రెండు రోజులుగా మా ఇంట్లో ఇదే పంచాయితీ, మీరన్నా తేల్చండి. సోమవారం సున్నం వేసేవాళ్లు వస్తారని పూజగదిలో పటాలు దించుతా ఉంటే, పెద్ద పటం వెనకాల గోడకి పిడికిలంత మట్టిముద్ద అతుక్కోని ఉండాది. పైన చూస్తే ఎవరో తడిమట్టి విసిరికొట్టినట్టే ఉంది. చెంచా కాడతో ఒక పక్క గీకితే పెళ్ల ఊడింది. లోపల చిటికెనవేలు పట్టేంత గొట్టం. దాన్నిండా సాలెపురుగులు, కుక్కి కుక్కి పెట్టినట్టు. పదకొండు లెక్కపెట్టినా. ఆకుపచ్చవి, చారలవి, గోడ మీద ఎగిరేవి, అన్నీ చిన్నచిన్నవే.

చచ్చినాయేమో అనుకోని అగ్గిపుల్లతో ఒకదాన్ని తాకితే కాలు మెల్లగా ముడుచుకోని మళ్లీ సాగింది. నాకు ఒళ్లు జలదరించింది. వాటి మధ్యలో బియ్యపుగింజ కన్నా కొంచెం లావుగా, మీగడ రంగులో ఒక పురుగు. మూతి ఒక సాలెపురుగు పొట్టకి ఆనించి ఉండాది. గబగబా పెళ్లని మళ్లీ దాని మీదే పెట్టేసినా.

మా అత్త గూడు తియ్యనియ్యదు. తోటికోడలికి ఐదో నెల, "కడుపుతో ఉండే మనిషి ఇంట్లో పిల్లల గూడు పగలగొడతావా" అని ఒకటే మాట. మా ఆయన "పిల్లకాయలు తిరిగే ఇల్లు, కుడితే ఏం చేస్తారు" అంటాడు. ఇది ఏం పురుగు? కుడుతుందా? ఆ సాలెపురుగులు బతికుండాయా, చచ్చినాయా?

రేణిగుంట_రాజా
కందిరీగ గూడు. రాత్రి పూట గుడ్డకి కిరసనాయిలు తడిపి కాల్చెయ్యండి. మా మిద్దె మీద అట్లానే చేస్తిమి.

చంద్రగిరి_చిన్నోడు
రాజన్నా, ఆమె పూజగది అంటా ఉంది. అక్కడ మంట పెట్టమంటావా?

రేణిగుంట_రాజా
సరే, మంట వద్దు. మా పెదనాయన కొడుకుని ఒకేసారి ముప్పై దాకా కుట్టినాయి, ఆస్పత్రిలో రెండు రోజులు ఉన్నాడు. ఆ భయంతో చెప్పినా.

గాజుసీసా
రాజా గారూ, మీ తమ్ముణ్ణి కుట్టినవి వేరు, వాణి గారింట్లోది వేరు. ఈ రెండూ కలిసిపోవడం వల్లే ఊళ్లో సగం మట్టిగూళ్లు అన్యాయంగా పోతున్నాయి. కాగితంలాంటి గూడు కట్టి గుంపుగా ఉండే కందిరీగలు గూటి జోలికొస్తే మీద పడతాయి. వాటికి రాణి, కూలీలు, కాపలా అన్నీ ఉంటాయి. మట్టిగూడు కట్టేది ఒంటరిది. ఒకే ఒక ఆడది. మట్టి మోసేది, వేటాడేది, గుడ్డు పెట్టేది, మూత వేసేది అంతా ఆమే. మగది ఈ పనుల్లో దేనికీ రాదు. రాత్రి ఆమె గూట్లో పడుకోదు కూడా, బయట ఏ కొమ్మకో పట్టుకుని ఉంటుంది. గూటిని కాచుకోవాలని మనిషి మీదికి రాదు. చేత్తో పట్టి నొక్కితేనో, ఆరేసిన చొక్కాలో దూరి ఉన్నప్పుడు తొడుక్కుంటేనో కుడుతుంది. కుట్టేది ఆడదే. ముల్లు అనేది గుడ్లు పెట్టే గొట్టం మారి తయారైంది కాబట్టి మగదానికి అసలు ముల్లే లేదు.

నేను ఎస్వీ యూనివర్సిటీలో జువాలజీ చదివాను. అప్పటినించి వీటి పిచ్చి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది స్కెలిఫ్రాన్ జాతి, మన వైపు ఎక్కువగా కనిపించేది స్కెలిఫ్రాన్ మద్రాస్పటానం. నలుపు ఒళ్లు, కాళ్ల మీద పసుపు పట్టీలు, నడుము దారప్పోగంత సన్నం. 1781లో ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టాడు. ఆ పేరులో ఉన్నది మద్రాసే. ఇక్కణ్ణించి బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో దిగే ఊరి పేరు మోస్తున్న పురుగు.

సాలెపురుగుల సంగతి: అవి చావలేదు. కుట్టినప్పుడు ఎక్కిన విషం వాటి కాళ్లు కట్టేస్తుంది, ప్రాణం వెంటనే తియ్యదు. చంపి పెడితే మన ఎండలకి రెండు రోజుల్లో కుళ్లిపోతాయి. కదల్లేకుండా చేస్తే పిల్ల తినేదాకా తాజాగా ఉంటాయి. ఒక్కో గదికి ఒకే గుడ్డు. మీరు చూసిన మీగడ రంగుది ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల. దానికి పుట్టినప్పటినించి గూడు దాటేదాకా ఆ పదకొండే తిండి. తల్లి మళ్లీ వచ్చి పెట్టదు.

కొర్లగుంట_వాణి
ఒక్కతే ఇదంతా మోసిందా! పిడికిలంత మట్టి.

గాజుసీసా
అవునండీ. కొళాయి కిందో, బోరు దగ్గరో తడి నేల మీద తల కిందికి పెట్టి, తోక పైకెత్తి, ఝుమ్మని చప్పుడు చేస్తూ మట్టిని ఉండ చేస్తుంది. బఠాణీ గింజంత ఉండ. దాన్ని దవడల మధ్య పట్టుకుని ఎగురుతుంది. గోడ మీద పెట్టి, రెక్కలు ఆడించే కండరాలనే అదిరిస్తూ ఆ అదురుతో మట్టిని పట్టీలా పరుస్తుంది. ఒక గదికే పదుల సార్లు తిరగాలి. మీది చాలా గదుల గూడులా ఉంది. అన్నీ అయ్యాక పైనంతా మట్టి మెత్తేస్తుంది, అందుకే విసిరికొట్టిన ముద్దలా కనిపిస్తుంది.

పలమనేరు_టమాటా
మా తోటలో మోటరు షెడ్డు నిండా ఇవే. స్టార్టర్ బాక్సులో ఒకసారి కట్టి మోటరు ఆన్ కాలే. కానీ మాకు కనిపించేది ముద్ద కాదు, చిన్న కుండ. మూతి కూడా కుండకి ఉన్నట్టే వొంపు తిరిగి ఉంటాది. పగలగొడితే పచ్చపురుగులు ఉంటాయి, సాలెపురుగులు కాదు. ఇది వేరేదా?

గాజుసీసా
వేరేదే. మీది కుండ కందిరీగ, డెల్టా అంటారు. అది గొంగళ్లనే వేటాడుతుంది. టమాటా రైతుకి అదే కావాల్సింది! ఇంకో విచిత్రం, అది గుడ్డు ముందే పెట్టేస్తుంది, కుండ లోపలి పైకప్పుకి సన్నటి దారంతో వేలాడదీసి. ఆ తర్వాత గొంగళ్లు తెచ్చి నింపి మూత వేస్తుంది.

నగరి_మగ్గం
మా పక్క తమిళం మాట్లాడేవాళ్లు దీన్ని కుళవి అంటారు. మా అవ్వ కుమ్మర పురుగు అనేది. వాణక్కా, మీ అత్త చెప్పిన మాట మా ఇంట్లో కూడా ఉంది. గూడు కడితే ఇంట్లో బిడ్డ పుడతాదని, పగలగొట్టకూడదని. మా చిన్నక్క కానుపుకి వచ్చినప్పుడు వసారా దూలానికి కట్టింది. కానుపు అయ్యేదాకా దాని కింద నించి వంగి పోతిమి, పైన తగలకుండా.

రేణిగుంట_రాజా
అవన్నీ నమ్మకాలు. మా ఇంట్లో ఏటా కడతాది, మాకు ఉండేది ఒక్కడే కొడుకు.

మాస్టారు_కాళహస్తి
నమ్మకాల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. ముప్పై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పిన వాణ్ణి. భ్రమరకీట న్యాయం వినే ఉంటారు. తుమ్మెద ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి, చుట్టూ ఝుంకారం చేస్తుందనీ, ఆ పురుగు భయంతో తుమ్మెదనే తలుచుకుంటూ తలుచుకుంటూ చివరికి తనే తుమ్మెదై ఎగిరిపోతుందనీ వేదాంతులు చెప్తారు. జీవుడు బ్రహ్మాన్నే ధ్యానిస్తే బ్రహ్మమే అవుతాడని దాని తాత్పర్యం. ఇన్నేళ్లూ తరగతిలో చెప్తూ, ఏ తుమ్మెద మట్టిగూడు కడుతుందా అని నాకో అనుమానం ఉండేది. గాజుసీసా గారూ, ఈ పురుగేనా అది?

గాజుసీసా
మాస్టారూ, ఇట్లా మట్టిగూడు కట్టే కందిరీగే అది. ఇంకా చెప్పాలంటే పలమనేరు వారి కుండ కందిరీగే అయ్యుండాలి, ఎందుకంటే న్యాయంలో లోపల పెట్టేది పురుగు, సాలీడు కాదు. ఝుంకారం కూడా నిజమే, అది మట్టి పరిచే అదురు. పురుగుని పెట్టడం కళ్లారా చూశారు, మూత వెయ్యడం చూశారు, కొన్నాళ్లకి అందులోంచి కందిరీగ రావడం చూశారు. కంటికి ఆనని ఆ గుడ్డు ఒక్కటే చూడలేదు.

చంద్రగిరి_చిన్నోడు
అంటే పురుగు కందిరీగ అవ్వలేదు, కందిరీగకి కూడైంది. ఇన్నేళ్లూ తప్పు చెప్పారన్నమాట.

మాస్టారు_కాళహస్తి
తప్పు అని అంత తొందరపడకు నాయనా. న్యాయం అంటే పోలిక. ధ్యానం గురించి చెప్పడానికి కళ్లముందున్న సంగతిని తీసుకున్నారు. లోపల ఏం జరుగుతుందో పగలగొట్టి చూడటం వాళ్ల పని కాదు. అయినా గుడ్డు సంగతి తెలిశాక నాకు ఈ పాఠం మళ్లీ ఒకసారి చెప్పాలని ఉంది. రెండూ చెప్తాను.

అలిపిరి_నడక
మాస్టారూ, మీ ఊరి పేరులోనే సాలీడు ఉంది కదా.

మాస్టారు_కాళహస్తి
శ్రీ అంటే సాలీడు, కాళం పాము, హస్తి ఏనుగు. శివలింగానికి గూడు అల్లి సేవ చేసిన భక్తుడు మా సాలీడు. మా ఇంటావిడ బూజు దులిపేటప్పుడు కూడా సాలీణ్ణి కాగితం మీదికి ఎక్కించి బయట వదుల్తుంది. ఈ గూడు కథ ఆవిడకి ఇంకా చెప్పలేదు. పదకొండు అని తెలిస్తే బాధపడుతుంది.

పలమనేరు_టమాటా
నాకు అదే డౌటు. సాలెపురుగు రైతుకి మేలు చేసేదే కదా, తోటలో దోమలూ పురుగులూ తినేది అదే. దాన్ని పట్టుకోని పొయ్యే ఈ నల్లది మనకి శత్రువు కాదా? కుండదాన్ని ఉంచుతా, ముద్దదాన్ని కొడతా అంటే తప్పేంది?

గాజుసీసా
మీ లెక్క తప్పని కొట్టిపారెయ్యలేను. కానీ తోటలో సాలీళ్లు వేలల్లో ఉంటాయి, గూటికి పోయేవి పదుల్లో. పైగా పెద్దయ్యాక ఈ కందిరీగ తాగేది పూలతేనె. మీ షెడ్డు చుట్టూ పూలమీద తిరిగేది ఆమే. నా మాట నమ్మొద్దు, ఒక ఏడాది షెడ్డులో గూళ్లు కొట్టకుండా చూడండి. పంటలో తేడా వస్తే ఇక్కడే చెప్పండి.

పలమనేరు_టమాటా
స్టార్టర్ బాక్సులోది మాత్రం తీసేస్తానబ్బా. మిగతావి ఉంచుతా.

అలిపిరి_నడక
మా బీరువా బీగం కంతలో మట్టి పెట్టేసింది ఒకటి. బీగంచెవి దూరలే. నీలంగా మెరుస్తా ఉంటాది. అదీ ఇదేనా?

గాజుసీసా
అది కాలిబియాన్ అనే ఇంకో రకం. సొంతంగా ముద్ద కట్టదు. వెదురు గొట్టం, గోడలో మేకు కంత, బీగం కంత ఇట్లా ఉన్న బొక్కనే వాడుకుని మట్టితో మూసేస్తుంది. అదీ సాలీళ్లనే వేటాడేది. వాడని బీగాలకి చిన్న టేపు ముక్క అంటించండి, చాలు.

రేణిగుంట_రాజా
చిన్న మట్టి అనుకోవద్దండీ. మాకు ఎయిర్‌పోర్టు దగ్గర కాబట్టి ఈ సంగతి తెలుసు. 1996లో డొమినికన్ రిపబ్లిక్‌లో ప్యూర్టో ప్లాటా నించి లేచిన విమానం సముద్రంలో పడి 189 మంది పోయినారు. వేగం కొలిచే పిటో గొట్టం మూసుకుపోయి వేగం తప్పు చూపించింది. విమానం చాలా రోజులు ఆగి ఉన్నప్పుడు ఆ గొట్టాలకి తొడుగులు వెయ్యలేదు, మట్టి కందిరీగ గూడు కట్టి ఉంటాదని విచారణలో అనుమానించినారు.

గాజుసీసా
నిజమే రాజా గారూ. గొట్టం దొరకలేదు కాబట్టి అనుమానం దగ్గరే ఆగింది. బొక్క కనిపిస్తే ఆమె ఆగదు, మూత వేసుకోవాల్సింది మనమే.

కొర్లగుంట_వాణి
ఇదంతా చదివినాక పగలగొట్టను. కానీ సోమవారం సున్నం ఎట్లా? గోడ ఖాళీ చెయ్యాల్సిందే. ఇంకో మాట, నేను ఊడగొట్టిన గదిలోది బతుకుతుందా?

గాజుసీసా
ముందు గూటి మీద గుండ్రని కంతలు ఉన్నాయేమో చూడండి. కంత ఉంటే లోపలిది ఎగిరిపోయినట్టే. లేకపోతే స్టీలు స్కేలు తడిపి, గోడకీ గూటికీ మధ్య మెల్లగా నెట్టుకుంటూ పోండి. మొత్తంగా ఊడివస్తుంది. వెడల్పు మూతి సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. నీడలో ఉంచండి. సీసా కింద నీళ్ల పళ్లెం తప్పనిసరి, చీమలు పట్టాయంటే ఒక్కటీ మిగలదు. ఊడిన చోట ఆ పెళ్లనే మళ్లీ పెట్టి అంచుకి తడిమట్టి రాయండి. చూడాలనుంటే అక్కడ మట్టికి బదులు ప్లాస్టిక్ కాగితం అంటించండి, మీ పిల్లలకి సినిమా.

చంద్రగిరి_చిన్నోడు
ప్లాస్టిక్ కాగితమే పెట్టండక్కా. మాకూ చెప్పండి.

కొర్లగుంట_వాణి
తీసినా. ఏడు గదులు. ఒక్కటీ విరగలేదు. సీసాలో పెట్టి వంటింటి అటక మీద ఉంచినాం, కింద నీళ్ల పళ్లెం.

కానీ ఒకటి చెప్పాల. గూడు తీసిన గంటకి తల్లి వచ్చింది, నోట్లో మట్టి ఉండతో. గూడు ఉండిన చోట గోడ మీద చప్పటి మరక తప్ప ఏమీ లేదు. అటూ ఇటూ రెండు సార్లు తిరిగి, సరిగ్గా ఆ మరక మీదే దిగి, మట్టి పరిచేసి పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పరిచింది. సాయంత్రం దాకా లేని గూటికి మెత్తుతానే ఉండాది. నేను, మా అత్త ఇద్దరం గడప మీద కూచోని చూస్తిమి. మా అత్త ఏమీ మాట్లాడలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చేసింది తప్పేమో అనిపిస్తా ఉంది.

నగరి_మగ్గం
చదువుతా ఉంటేనే గుండె పట్టేసినట్టు అయ్యింది అక్కా.

గాజుసీసా
వాణి గారూ, మీరు చూసింది చాలా తక్కువ మంది చూసింది. ఫ్రాన్సులో ఫాబ్ర్ అనే ఆయన 19వ శతాబ్దంలో దీని చుట్టం మీద ఇదే చూశాడు. గోడ మీద గూడు తీసేస్తే, అది ఖాళీ గోడకే మట్టి మెత్తుతూ పోయింది. ఇంకోసారి గదిలో పెట్టిన సాలీళ్లనీ గుడ్డునీ తీసేస్తూ పోతే, అది మళ్లీ మళ్లీ సాలీళ్లు తెచ్చి, చివరికి ఖాళీ గదికి మూత వేసింది. చేసే పనుల వరుస ఆమె ఒంట్లోనే ఉంది. మెత్తే పనిలో ఉన్నప్పుడు మెత్తుతుంది, లోపల ఏముందో వెనక్కి చూసుకోదు. పిల్లలు పోయారని ఏడుస్తోందని అనలేం. మెత్తడం అయిపోగానే వేరేచోట కొత్త గూడు మొదలుపెడుతుంది. ఈ గూట్లో పిల్లలకి ఆమె చెయ్యాల్సింది ఎప్పుడో అయిపోయింది.

మాస్టారు_కాళహస్తి
ఏడుస్తోందని అనలేం, సరే. ఏమీ లేదని కూడా అనలేం కదా.

గాజుసీసా
అనలేం మాస్టారూ.

కొర్లగుంట_వాణి
పదో రోజు. ప్లాస్టిక్ కాగితం పెట్టిన గదిలోది సాలెపురుగులన్నీ తినేసింది. కాళ్లు మాత్రం కుప్పగా మిగిల్చింది. మా పెద్దోడు బడి నించి రాగానే టార్చి పట్టుకోని అటక ఎక్కేస్తాడు. నిన్న తల అటూ ఇటూ ఊపుతా తన చుట్టూ దారం చుట్టుకుంది. ఈరోజు చూస్తే ఉల్లిపొర మాదిరి గోధుమరంగు సంచి, లోపల ఏమీ కనిపించదు. పిల్లోడు అడుగుతాడు, లోపల ఉండేది ఆడపిల్లా మగపిల్లోడా అని.

గాజుసీసా
అది తల్లికి తెలుసని చెప్పండి! గుడ్డు పెట్టేటప్పుడు దాచుకున్న వీర్యం కలిపితే ఆడపిల్ల, కలపకపోతే మగపిల్లాడు. మగదానికి తండ్రే ఉండడు. ఇట్లాంటి ఒంటరి కందిరీగల్లో చాలావాటికి ఆడపిల్ల గదిలోనే తిండి ఎక్కువ పెడుతుంది తల్లి.

నగరి_మగ్గం
ఆడపిల్లకి ఎక్కువ తిండి! మా అవ్వకి ఇది చెప్పాల్సింది.

అలిపిరి_నడక
వాణి గారూ, పిల్లలు అంత దగ్గరగా చూస్తున్నారు కాబట్టి ఒక మాట. బయటికొచ్చినప్పుడు చేత్తో పట్టనియ్యొద్దు. కుడితే మామూలుగా మంట, వాపు, తగ్గిపోతాది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పోవాల. నేను నర్సుగా చేస్తా ఉండా, అందుకే.

కొర్లగుంట_వాణి
సరే అక్కా, సీసా నా చేతిలోనే ఉంటాది.

ఇరవై ఆరో రోజు. పొద్దున పూజ చేసుకుంటా ఉంటే అటక మీద టిక్ టిక్ అని గీకిన చప్పుడు. సీసా దించి చూస్తే ఒక గది మొనలో మట్టి తడిసి నల్లగా అయ్యింది, మధ్యలో సూదిమొనంత కంత. అందులోంచి రెండు దవడలు. అందరం చుట్టూ కూచుంటిమి. ముక్కాలు గంట పట్టింది. తల, ఆగింది, ముందుకాళ్లు, ఆగింది, ఆ దారం లాంటి నడుము మొత్తం బయటపడేసరికి మా తోటికోడలు చప్పట్లు కొట్టింది. మిద్దె మీదికి తీసుకుపోయి గుడ్డ విప్పితిమి. సీసా అంచున కూచోని మీసాలు తుడుచుకోని, జామచెట్టు మీదుగా పోయింది.

మూడు రోజుల్లో ఇట్లా నాలుగు వచ్చినాయి, ప్లాస్టిక్ కాగితం గదిలోది కూడా. ఐదోది వేరే. కందిరీగ కాదు, ఒళ్లంతా పచ్చగా నీలంగా అద్దం మాదిరి మెరుస్తా, బొద్దుగా ఉండాది. పుల్లతో తాకితే ఉండ చుట్టుకుంది. ఇదేంది?

చంద్రగిరి_చిన్నోడు
బంగారు పురుగు! చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకునేవాళ్లం కదా, అదే.

గాజుసీసా
కాదు చిన్నోడా, బంగారు పురుగు పెంకు పురుగు, అది చెట్ల మీదే. ఇది స్టిల్బమ్, కోకిల కందిరీగ. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టు, ఇది తల్లి మూత వేసిన మట్టి గదికి కంత చేసి తన గుడ్డు లోపలికి జారుస్తుంది. దీని పిల్ల ఆ గదిలోని పిల్లని తిని పెరుగుతుంది. ఉండ చుట్టుకోవడం తల్లి చేతికి చిక్కితే కాపాడుకోవడానికి, ఆ పెంకు మీద ముల్లు దిగదు.

మాస్టారు_కాళహస్తి
అంటే ఒక గదిలో ఒకటి పెడితే ఇంకొకటి రావడం నిజంగానే జరిగిందన్నమాట!

పలమనేరు_టమాటా
మాస్టారూ, ఈసారి పాఠంలో ఇది కూడా కలుపుకోండి.

రేణిగుంట_రాజా
మిగతా రెండు గదులు?

కొర్లగుంట_వాణి
ఒకదాంట్లో సాలెపురుగులు అట్లానే ఎండిపోయి ఉండాయి, గుడ్డు పొదగలేదేమో. ఇంకొకటి మూసే ఉంది, ఉంచినాం. పచ్చదాన్ని ఏం చెయ్యాలని మా ఆయన అడిగినాడు. మా అత్త "అది కూడా ఈ ఇంట్లోనే పుట్టింది కదా" అని తనే మిద్దె మీద వదిలేసింది.

రాజన్నా, మీరు అడగతారేమో, ఇంకా చెప్తా. పెరట్లో కొళాయి కింద మట్టి దగ్గర మళ్లీ ఒకటి తిరుగుతా ఉంది, తోక పైకెత్తి. ఈసారి ఎక్కడ కడుతుందో తెలీదు. నేల ఆరిపోతా ఉందని మా అత్త పొద్దున్నే అక్కడ ఒక చెంబు నీళ్లు పోస్తా ఉండాది.